నది అడుగు కదిలిన రోజు

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా నదీ కొలతల ఆఫీసులో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. ఇరవయ్యారేళ్ళలో ఆ ఆఫీసుకి పదకొండుమంది ఇంజనీర్లు వచ్చారు, పదిమంది వెళ్ళారు. వచ్చిన ప్రతివాళ్ళకీ నీటి వేగం కొలవడం నేర్పింది ఆయనే. నేర్చుకున్నవాళ్ళు పై మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం అదే కిటికీ పక్కన, అదే బల్ల దగ్గర, పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయాడు.

కొలిచే యంత్రం చిన్న బాల్చీ అంత ఉంటుంది. దాని అడుగున నాలుగు గుండ్రటి బిళ్ళలు. యంత్రాన్ని పడవ పక్కన చట్రానికి బిగించి, బిళ్ళలు మునిగేలా నీళ్ళలోకి దించుతారు. అవి మన చెవికి అందని శబ్దాన్ని కిందికి పంపుతాయి. నీళ్ళలో కొట్టుకుపోయే దుమ్ముకీ సన్న ఇసుకకీ తగిలి ఆ శబ్దం వెనక్కొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందన్నదాన్ని బట్టి అది ఎంత లోతునుంచి వచ్చిందో తెలుస్తుంది. వచ్చిన శబ్దం గొంతు ఎంత మారిందన్నదాన్ని బట్టి ఆ లోతులో నీళ్ళు ఎంత వేగంగా పోతున్నాయో తెలుస్తుంది. అలా అరమీటరుకొక పొర చొప్పున నదిని పైనుంచి కిందికి చదువుకుంటూ, పడవ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి వెళ్తుంది.

పడవ కూడా కదులుతుంది కదా, ఆ కదలికని తీసెయ్యొద్దా అని కొత్తవాళ్ళు అడిగేవారు. అడిగినవాళ్ళంటే మాస్టారుకి ఇష్టం. "నది అడుగున నేలకి తగిలి వచ్చే శబ్దాన్ని ఇది వేరుగా వింటుంది. నేల ఎక్కడికీ పోదు కాబట్టి, కదిలినట్టు కనిపించిందంతా పడవ కదలికే అనుకుంటుంది" అని చెప్పి, "పాపం, దాని నమ్మకం అది" అనేవాడు.

పెద్ద వరద వస్తే నేల పోతుంది. అడుగున ఉన్న ఇసుక, మంచం మీద దుప్పటి లాగినట్టు, దిగువకి జారుతుంది. అప్పుడు యంత్రానికి తన పడవే ఎగువకి పోతున్నట్టు తోస్తుంది. ఆ మేరకి నీటి వేగాన్ని తగ్గించి చెబుతుంది. ఎంత తగ్గించిందో దానికే తెలియదు.

మాస్టారు ఈ సంగతి యంత్రం రాకముందే చెవితో నేర్చుకున్నాడు. ఆయన పనిలో చేరినప్పుడున్న ముసలి సరంగు పొడుగాటి గడని నది అడుగుదాకా దింపి, పై కొసకి చెవి ఆనించి వినేవాడు. ఇసుక నడుస్తుంటే గడలోంచి వినపడుతుంది. "చేటలో బియ్యం చెరుగుతున్నట్టుంటే మామూలే. ఆ చెరగడం ఆగకుండా ఉందా, ఇంటికెళ్ళి సామాను పైకెక్కించుకో" అని చెప్పాడు ఆ ముసలాయన.

మాస్టారు ఆ మాట విని ఒకసారి అలాగే చేశాడు. అదే ఆయన కొంప ముంచింది.

*

మాస్టారు అక్కాబావలది పల్లపు వీధి. నది గట్టు వెనకాల, రోడ్డుకంటే నాలుగు మెట్లు దిగువన ఇళ్ళు. బావ పుస్తకాలకి బైండింగు చేస్తాడు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. దుకాణంలో గోడపొడుగునా కాగితం బొత్తులు, అట్టలు, క్యాలికో గుడ్డ చుట్టలు, మధ్యలో చక్రం తిప్పితే దిగే ఇనుప ప్రెస్సు. నదీ కొలతల ఆఫీసు ఏడాది కాగితాలన్నీ బైండు చేసేది కూడా ఆయనే. భార్య పోయిన తర్వాత మాస్టారు ప్రతి ఆదివారం భోజనం అక్కడే చేసేవాడు.

పదకొండేళ్ళ కింద ఒక వరదలో గడకి చెవి పెట్టి విని, మాస్టారు పడవ దిగి నేరుగా పల్లపు వీధికి పరిగెత్తాడు. బావనీ అక్కనీ ఇరుగుపొరుగునీ హడలగొట్టాడు. ఆ రోజు వీధి వీధంతా సామాను మోసింది. ప్రెస్సుని ఆరుగురు పట్టి మెట్లెక్కించారు. నీళ్ళు రేవు మెట్లలో మూడోదాని దగ్గర ఆగి, మర్నాటికి వెనక్కి తగ్గాయి. వీధిలోకి చుక్క రాలేదు. మళ్ళీ అన్నీ దింపుకోవడానికి వారం పట్టింది. అక్క మోకాళ్ళు అప్పుడు పట్టుకున్నవి మళ్ళీ వదల్లేదు.

ఆనాటినుంచి మాస్టారు గుమ్మంలో కనిపిస్తే చాలు, బావ సూదీ దారం కింద పెట్టేవాడు.

"ఏమోయ్ బామ్మర్దీ, సర్దమంటావా?"

ఎండాకాలంలో నది పిల్లకాలువలా పాకుతున్నప్పుడూ అదే పలకరింపు. "అందరికీ బామ్మర్దులుంటారు, నాకు వరద హెచ్చరిక ఉంది" అని గిరాకీలకి పరిచయం చేసేవాడు. మాస్టారు నవ్వేవాడు. నవ్వి ఊరుకునేవాడు కానీ, తర్వాత ఎప్పుడూ చెవితో విన్నదాన్ని నోటితో అనలేదు. కాగితం మీద అంకె పడితేనే మాట్లాడేవాడు. కొత్త ఇంజనీర్లకీ అదే నేర్పాడు.

*

ఆ రోజు తెల్లవారేసరికే నీళ్ళు రేవు మెట్లన్నీ మింగేశాయి. లెక్క ఇదీ: సెకనుకి నాలుగువేల రెండొందల ఘనపు మీటర్లు దాటితే పల్లపు వీధిలో మైకు బండి తిరగాలి, జనాన్ని ఖాళీ చేయించాలి. దాటిందో లేదో చెప్పాల్సింది మాస్టారూ, పదకొండో ఇంజనీరూను. ఆ అమ్మాయి వచ్చి ఏడాదిన్నర. అందరూ ఇంజనీరమ్మ అనేవారు. రూలు పుస్తకం కంఠతా వచ్చు, అందులో సగం మాస్టారు నేర్పిందే.

నేల నడుస్తోందో లేదో తేల్చుకోవడానికి ఉపగ్రహం సాయంతో పడవ ఎక్కడుందో చెప్పే పెట్టె ఒకటి ఉండాలి. అది బాగుచేయడానికి పంపి నాలుగు నెలలు. అది లేకపోతే ఇంకో దారి ఉంది. ఒక గుంజ దగ్గర బయల్దేరి, అవతలి ఒడ్డుకి వెళ్ళి, తిరిగి అదే గుంజకి రావాలి. బయల్దేరిన చోటికే వచ్చానని యంత్రం చెబితే నేల నిలకడగా ఉన్నట్టు. ఎగువన ఎక్కడో ఉన్నానంటే నేల నడుస్తున్నట్టు. దీన్ని చుట్టు పరీక్ష అంటారు. అయితే ఈ పరీక్ష నిలబడాలంటే యంత్రంలోని దిక్సూచి సరిగ్గా ఉండాలి. రెండు డిగ్రీలకి మించి తప్పకూడదు.

దిక్సూచిని ఎప్పుడూ పడవమీదే, పడవని నీళ్ళలో పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ సరిచేయాలి. ఆ ఉరవడిలో పడవ అడ్డం తిరిగితే బోల్తాయే. అందుకని మాస్టారు ఆ పొద్దున యంత్రాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని, గట్టుమీదే తన చుట్టూ తాను నెమ్మదిగా తిరిగి సరిచేశాడు. ఎప్పుడూ వెళ్ళే ఫైబరు పడవకైతే అది సరిపోయేదేమో. కానీ ఇప్పటి సరంగు వచ్చి నీళ్ళవంక చూసి, "దీనికి ఆ బొమ్మ పడవ ఆగదు" అని ఇనుప పడవ విప్పాడు. ఇనుము పక్కకి చేరగానే దిక్సూచి పక్కచూపులు చూసింది. ఎంత తప్పిందో మాస్టారు అవతలి ఒడ్డు గుర్తుతో సరిచూశాడు. ఆరు డిగ్రీలు. మళ్ళీ సరిచేసే వీలు లేదు. ఫారంలో 'దిక్సూచి తప్పు' అన్న గడిలో పెన్సిలుతో 6 వేశాడు. వేస్తున్నప్పుడు దాని గురించి ఇంకేం ఆలోచించలేదు. గడి ఉంటే నింపడమే ఆయనకి తెలుసు.

నది మధ్యకి వచ్చాక పడవలో ఉన్న ఇద్దరికీ, మాస్టారుకీ సరంగుకీ, వినపడింది. గడ అక్కర్లేకపోయింది. పడవ అడుగు ఇనుప రేకే చెవి అయిపోయింది. కింద ఎవరో పెద్ద చేటలో బియ్యం చెరుగుతున్నారు. ఆపకుండా చెరుగుతున్నారు.

"విన్నారా మాస్టారూ?" అన్నాడు సరంగు. "పడవకి కింద కితకితలు పెడుతున్నట్టుంది."

"ఊఁ. నువ్వు గుంజ వంక చూడు."

నాలుగు సార్లు నది దాటారు. ఐదోసారి చుట్టు పరీక్ష. సరంగు పడవని తిప్పి తెచ్చి, బయల్దేరిన గుంజకే మూతి ఆనించి పట్టుకున్నాడు. గుంజ మాస్టారు చేతికి తగులుతోంది. యంత్రం మాత్రం, నువ్వు గుంజకి నూట అరవై రెండు మీటర్లు ఎగువన ఉన్నావంది.

*

పదకొండు గంటలు. ఆఫీసులో బల్లమీద కాగితాలు పరిచి ఉన్నాయి.

"నాలుగు దాట్లూ కలిశాయి" అంది ఇంజనీరమ్మ. "మూడువేల తొమ్మిదొందల పది, నలభై, మూడువేల ఎనిమిదొందల ఎనభై, తొమ్మిదొందల పాతిక. సగటు మూడువేల తొమ్మిదొందల పధ్నాలుగు. హెచ్చరిక గీతకి చాలా కింద ఉన్నాం మాస్టారూ."

"కలుస్తాయి మేడం. నలుగురికీ ఒకరే చెప్పిపంపితే సాక్ష్యం కలవకేం చేస్తుంది?"

"మీరు చుట్టు పరీక్ష గురించి అంటున్నారు."

"నూట అరవై రెండు మీటర్లు. దాన్ని కలిపితే నాలుగువేల రెండొందల అరవై. గీత దాటింది."

ఆమె ఫారం తన వైపు తిప్పుకుంది. పైనుంచి కిందికి చదివింది. ఆ గడి దగ్గర వేలు ఆగింది.

"ఇది ఆరా, సున్నానా?"

"ఆరే."

"ఆరు డిగ్రీలకి ఎంత పోతుంది మాస్టారూ?"

"మహా అయితే అరవై మీటర్లు." ఆయన పడవ దిగేముందే ఆ లెక్క వేసుకున్నాడు. "అది తీసేస్తే నాలుగువేల నూట ముప్ఫై."

"గీతకి ఇవతల."

"ఇవతల."

కిటికీ బయట నది పెద్దగా చప్పుడు చెయ్యకుండా పోతోంది.

"మీరే నేర్పారు నాకు" అంది ఆమె. గొంతులో నిష్ఠూరం లేదు, బతిమాలుకోవడం ఉంది. "దిక్సూచి రెండు దాటితే చుట్టు పరీక్ష నమ్మకూడదు, నేను చెప్పినా నమ్మొద్దు అన్నారు. మొదటి వారమే. అవునా?"

"అవును."

"ఇది రెండు లోపల ఉంటే ఈ నిమిషమే నాలుగువేల రెండొందల అరవై అని పంపేదాన్ని. పైవాళ్ళు మొదట చూసేది ఈ గడే. ఇలా పంపితే వెనక్కి కొడతారు."

"ఇసుక నడుస్తోంది మేడం. విన్నాను."

"ఏ గడిలో రాయను మాస్టారూ?"

పక్కగదిలో ఫోను మోగింది. ఆమె లేచింది. లేస్తూ ఫారాన్ని ఆయన వైపు జరిపింది. పెన్సిలు దానిమీదే ఉంది, పెన్సిలు పక్కన రబ్బరు ఉంది. కావాలని జరిపిందో, దారికడ్డమని జరిపిందో ఆయన తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాడు. తేల్చుకోలేకపోయాడు. ఆమెనెప్పుడూ అడగలేదు.

పక్కగదిలో ఫోను చాలాసేపు సాగింది. మాస్టారు ఆ ఆరు వంక చూస్తూ కూర్చున్నాడు. చిన్న అంకె, గుండ్రంగా, శ్రద్ధగా వేసింది. దాని స్థానంలో రెండు పడితే మైకు బండి బయల్దేరుతుంది. కానీ ఇసుక ఎంత నడుస్తోంది? గీతకి అరవై ఎక్కువా, డెబ్బై తక్కువా? చెవి అంకె చెప్పదు. పదకొండేళ్ళ కింద చెవి చెప్పిన మాటకి ఆరుగురు ప్రెస్సు మోశారు. పైగా ఈ ఒక్క గడిలో వేలు పెడితే, ఇరవయ్యారేళ్ళుగా తను నింపిన గడులన్నీ ఏమవుతాయి?

ఆమె తిరిగొచ్చేసరికి కాగితం ఎలా ఉన్నది అలాగే ఉంది. దానివంక ఒక్కసారి చూసి, కూర్చుని, మూడువేల తొమ్మిదొందల పధ్నాలుగు అని పంపించింది.

*

మాస్టారు వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. బావ ఎత్తాడు.

"ఏమోయ్, సర్దమంటావా?"

"బావా, ఈసారి కాస్త పైకి…"

"మైకు బండి వస్తోందా?"

"రావట్లేదు."

"మరి మీ యంత్రం ఏమంది?"

"ఫరవాలేదంది."

"యంత్రం ఫరవాలేదంది, నువ్వు పరిగెత్తమంటున్నావు. మీరిద్దరూ ఒక మాటమీదకి వచ్చి ఫోను చెయ్యండోయ్." అవతల గదిలో ఎవరో నవ్వడం వినపడింది. బావ గొంతు తగ్గించాడు. "అది కాదురా. లైబ్రరీవాళ్ళవి నాలుగొందల పుస్తకాలు. రాత్రే జిగురు పెట్టాను. ఇప్పుడు ప్రెస్సు విప్పితే వీపులన్నీ ఊడిపోతాయి. సాయంత్రం దాకా కదపకూడదు."

"ఇటివ్వండి" అని అక్క ఫోను లాక్కుంది. "ఒరేయ్ తమ్ముడూ, నాకు ఒక్క మాట చెప్పు. వస్తుందా, రాదా?"

ఆయన నోరు తెరిచాడు. వస్తుంది అన్న మాట నాలికదాకా వచ్చింది.

"తెలీదక్కా."

"తెలీదంటే ఎలారా? ఇరవయ్యారేళ్ళనుంచీ ఆ నీళ్ళలోనే కూర్చున్నావు."

"రావచ్చు. రాకపోవచ్చు."

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. వస్తుందను, పాక్కుంటూనైనా ఎక్కుతాను. ఎక్కిన తర్వాత రాలేదనుకో, ఈయన నోటికి నువ్వే తాళం వెయ్యాలి." కాసేపు ఎదురుచూసింది. "సరేలే. ఏదైనా తేలితే ఫోను చెయ్యి."

ఒంటిగంటకి మళ్ళీ కొలవాలి. సరంగు పడవ తాడు చేత్తో పట్టుకుని చూసి వదిలేశాడు. "ఇప్పుడు వెళ్తే మనం నదిని కొలవం మాస్టారూ, అదే మనల్ని కొలుస్తుంది." తేల్చే కొలత ఇక లేదు.

రెండుంపావుకి మాస్టారు చెప్పకుండా ఆఫీసు వదిలి నడిచాడు. ఆఖరి మలుపు తిరిగేసరికి పల్లపు వీధి మెట్లలో రెండు నీళ్ళ కింద ఉన్నాయి. అరుపులు లేవు. అందరూ మౌనంగా పరుపులు మోస్తున్నారు. అక్కని పక్కింటి దర్జీ వీపున ఎక్కించుకుని తన మేడమెట్ల మీద దింపాడు. బావ దుకాణంలో మోకాలిలోతు నీళ్ళలో ప్రెస్సు చక్రం పట్టుకుని నిలబడ్డాడు. విప్పితే పుస్తకాలు విడిపోతాయి, విప్పకపోతే మునిగిపోతాయి. మాస్టారు వెళ్ళి చక్రానికి రెండోవైపు చెయ్యి వేశాడు. ఇద్దరూ దాన్ని తిప్పలేదు. నీళ్ళు నడుముదాకా వచ్చాక మాస్టారు బావ వేళ్ళు ఒక్కొక్కటే చక్రంమీదనుంచి తీశాడు.

*

మూడోరోజు నీళ్ళు తీశాయి. కాగితం తడిస్తే ఉబ్బుతుందని మాస్టారుకి తెలుసు. ఎంత బలంగా ఉబ్బుతుందో తెలియదు. అల్మారాల పక్కచెక్కలు నిలువునా చీలాయి. పుస్తకాలు ఒకదానికొకటి బిగుసుకుపోయి, ఒక్కటి కూడా బయటికి రాలేదు. చివరికి గునపంతో పొడిచి తీశారు. లైబ్రరీవాళ్ళు వచ్చి గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోయారు.

రేవులో గంటగంటకీ రాసుకున్న నీటిమట్టాలనీ ఇళ్ళ గోడలమీద మిగిలిన మరకలనీ కలిపి వెనక్కి లెక్కకడితే ఆ పొద్దుటి అంకె బయటపడింది. నాలుగువేల రెండొందల తొంభై. ఇంజనీరమ్మ ఆ కాగితం తెచ్చి మాస్టారు బల్లమీద పెట్టింది. ఆయన పెన్సిలు చెక్కుతున్నంతసేపూ నిలబడి, వెళ్ళిపోయింది. అయితే రిజిస్టరులో మూడువేల తొమ్మిదొందల పధ్నాలుగే ఉంటుంది. కొలిచినది కొలిచినట్టే ఉంచాలి. అదీ మాస్టారు నేర్పిందే.

అక్కాబావలు రోడ్డుకి ఎగువన ఒక మేడమీద గది తీసుకున్నారు. మాస్టారు ఆదివారాలు వెళ్తూనే ఉన్నాడు. గుమ్మంలో ఆయన్ని చూసి బావ, "రా, కూర్చో" అనేవాడు. అంతే. మొదటి ఆదివారం మాస్టారు ఇంకో మాట కోసం చెప్పులు విప్పకుండా కాసేపు నిలబడ్డాడు. తర్వాత్తర్వాత నిలబడటం మానేశాడు.

ఏడాది చివర ఆఫీసు కాగితాలు బైండింగుకి వచ్చాయి. వరదలో తుప్పుపట్టిన ప్రెస్సు ఇక లేదు. బావ రెండు చెక్కల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి చేస్తానన్నాడు. మాస్టారే కట్ట మోసుకెళ్ళాడు. బావ నేలమీద కూర్చుని కాగితాలు ఒక్కొక్కటే సర్దుతున్నాడు. తేదీలు చూస్తూ సర్దుతున్నాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు.

"ఇదేనా?"

"అదే."

"ఈ ఆరు నీ రాతేగా?"

"నాదే."

"ఇది రెండైతే?"

వెనక వరండాలో అక్క ఏదో కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మైకు బండి వచ్చేది" అన్నాడు మాస్టారు. "పదకొండున్నరకి."

బావ కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, ఏటవాలుగా పట్టి చూశాడు. ఆ చోట బొటనవేలితో మెల్లిగా నిమిరాడు.

"రబ్బరు పెట్టలేదు నువ్వు. నూగు లేవలేదు."

"పెడితే తెలిసిపోతుంది బావా."

"నాకు తెలుస్తుంది. నలభయ్యేళ్ళు కాగితం తడిమినవాణ్ణి. వాళ్ళలో ఎవరికి తెలిసేదిరా?"

బావ కాగితాన్ని ముందుదానిమీద పెట్టాడు, దానిమీద తర్వాతి తేదీది పెట్టాడు. కట్ట మొత్తం ఎత్తి నేలకి తట్టి అంచులు కలిపాడు. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించి, సూదిని బామ్మర్ది చేతికిచ్చాడు. మాస్టారు ఎక్కించి ఇచ్చాడు.

"కొస పట్టుకో" అన్నాడు బావ. "వదలకు, వదులైపోతుంది."

మాస్టారు పట్టుకున్నాడు. బావ కుట్టడం మొదలుపెట్టాడు.